గాలం పట్టే ముందు నీళ్ళు చూడండర్రా

సెలవులకి వచ్చిన పిల్లలు కాలవ గట్టెక్కగానే అడిగే ప్రశ్న ఒకటే: "తాతయ్యా, గాలానికి చేప పడాలంటే ఏం కావాలి?" ఓపిక కావాలని ఊళ్ళో అందరూ చెబుతారు. అదృష్టం ఉండాలంటారు ఇంకొందరు. ఉంటే రెండూ మంచివే. నేను మాత్రం ముందు చేప సంగతి తెలియాలంటాను. అది ఏం చూస్తుంది, ఏం వింటుంది, వాసన ఎలా పడుతుంది, ఏ లోతులో తింటుంది, ఏ పూట తినదు? ఇవి తెలిస్తే వెదురు కర్రకి కూడా చేప పడుతుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన రీలు కొన్నా గోడకి ఆనించి పెట్టుకోవలసిందే. అందుకని కొత్తగా గాలం పట్టాలనుకునేవాళ్ళు, పిల్లలైనా పెద్దలైనా, ముందు కాసేపు నాతో గట్టు మీద కూర్చోండి.

గాలం చాలా పాత పనిముట్టర్రా. జపాను దక్షిణాన ఒకినావా దీవిలో సకితారి అనే గుహ ఉంది. అక్కడ నత్తగుల్లని అరగదీసి చేసిన గాలాలు దొరికాయి. వాటి వయసు సుమారు 23,000 ఏళ్ళని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అప్పటికి మనిషి వ్యవసాయం ఎరగడు, ఇనుము ఎరగడు, చక్రం ఎరగడు. గాలం వంపు మాత్రం తెలుసు. మన వైపూ ఈ విద్య కొత్తదేం కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. చేపల్లో రకాలు, వాటికి వేయాల్సిన మేత, గాలంతో పట్టే తీరు అందులో వివరంగా చెప్పాడు. అందులోని చేపలు ఇప్పటి ఏ చేపలో గుర్తుపట్టి 1951లో వ్యాసం రాసినవాడు సుందర్‌లాల్ హోరా అనే జంతుశాస్త్రవేత్త. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ గాలం మీద రాసిన ప్రసిద్ధ గ్రంథం 1653లో వచ్చింది. మన రాజుగారి పుస్తకం దానికి ఐదు వందల ఏళ్ళు పెద్దది. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, మన బడి పుస్తకాల్లో ఎక్కడా కనపడదు గనక.

సరే, చేప దగ్గరికి వద్దాం. మొదటి పాఠం కాలవ దగ్గర కాదు, చేపల బజారులో. ఈసారి అమ్మతో బజారుకి వెళ్ళినప్పుడు చేప ఖరీదు అడిగే ముందు దాని నోరు చూడండి. బొచ్చె నోరు పెద్దది, పైకి తిరిగి ఉంటుంది, కింది దవడ కాస్త ముందుకొస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి తిరిగి ఉంటుంది. శీలావతి, తెలంగాణలో రవ్వ అంటారు, దాని నోరు చిన్నది, పెదవుల అంచున కుచ్చులుంటాయి. నోరు ఎటు తిరిగి ఉంటే తిండి అటు దొరుకుతుందన్నమాట. బొచ్చె పైనీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్ని తింటుంది, శీలావతి నడిమి నీళ్ళలో మేస్తుంది, ఎర్రమోసు అడుగు బురదలో ఏరుకుంటుంది. మూడూ ఒకదాని కంచంలో ఒకటి చెయ్యిపెట్టవు గనకే చెరువు రైతులు వాటిని కలిపి పెంచుతారు. ఇక్కడో ముచ్చట చెప్పాలి. ఈ మూడూ నదిలో వరదొచ్చినప్పుడే గుడ్లు పెట్టే చేపలు, చెరువులో పెట్టవు. ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు మరో చేప పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి వీటి జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. అది జరిగిన జూలై 10, 1957ని గుర్తుంచుకుని ఏటా అదే తేదీన జాతీయ చేపల రైతుల దినోత్సవం జరుపుతున్నాం. కైకలూరు నుంచి లారీల్లో వెళ్ళే చేప వెనక ఆ సూదిమందు ఉంది.

ఇప్పుడు మీకు పని సులువైంది. అడుగునే తిరిగే జెల్లా, ఎర్రమోసూ కావాలంటే ఎర అడుగుకి ఆనాలి. శీలావతికి నడిమి నీళ్ళలో వేలాడాలి. నీళ్ళ మీద తేలే బెండుని గాలం దారం, అంటే తంగూసు మీద పైకీ కిందికీ జరిపి లోతు మార్చుకోవడం అనే ఒక్క పని సరిగ్గా చేసేవాడికి, చెయ్యనివాడికి ఒకే గట్టు మీద ఎంతో తేడా వస్తుంది. కొత్తవాళ్ళు ఎర మారుస్తారు, చోటు మారుస్తారు, ఆఖరికి గాలం మారుస్తారు. లోతు మార్చరు.

మొదట ఏ చేప కోసం వెళ్ళాలి? పెద్ద పెద్ద కొర్రమీనుల మీదికి మనసు పోనివ్వకండి. పరిగెలు, జిలేబీలు చాలు. పరిగె చిన్నదే గానీ చెయ్యి కుదరడానికి దాన్ని మించిన గురువు లేదు. ఇక జిలేబీ అసలు మన చేప కాదు. ఆఫ్రికా నుంచి ప్రపంచమంతా పాకి, 1952లో మన దేశానికి వచ్చింది. ఎక్కడ వేస్తే అక్కడ పెరుగుతుంది, మన చేపల తిండి లాక్కుంటుంది, కాబట్టి దాన్ని పట్టినందుకు బాధపడక్కర్లేదు. పగలంతా ఎర అందుకుంటుంది కూడా. ఈ జాతి తల్లి గుడ్లని నోట్లోనే ఉంచుకుని పొదుగుతుంది, పిల్లలు ఈదగలిగేదాకా వాటికి నోరే ఇల్లు. ఆ రోజుల్లో తిండి దాదాపు మానేస్తుంది.

సామాను గురించి ఎక్కువ చెప్పను, ఎక్కువ అక్కర్లేదు గనక. పది పన్నెండు అడుగుల వెదురు కర్ర, లేదా కొట్లో దొరికే ఫైబరు కర్ర. దాని కొసకి కర్రంత పొడుగు తంగూసు. రీలు వద్దు, అది రెండో ఏడు సంగతి. గాలం కొనేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది. పన్నెండో నంబరు చిన్నది, పరిగెలకి సరిపోతుంది. ఎనిమిది దానికంటే పెద్దది, జిలేబీకి బావుంటుంది. చిన్న నోటి చేపకి పెద్ద గాలం వేస్తే ఎర తినిపోతుంది తప్ప చిక్కదు.

తంగూసు అంటే నైలానే. అమెరికాలో వాలెస్ కరోదర్స్ అనే రసాయన శాస్త్రవేత్త 1935లో నైలాను తయారుచేశాక ఆ దశాబ్దం చివర్లోనే చేపలు పట్టే దారంగా అమ్మకానికొచ్చింది. దాని బలం మందానికి వర్గంగా పెరుగుతుంది. అంటే మందం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. అలాగని లావుది కొనకండి, లావు తంగూసు చేపకి కనపడుతుంది, బిరుసుగా ఉండి ఎరని సహజంగా కదలనివ్వదు. ఇంకో కిటుకు: తంగూసు తెగితే ముడి దగ్గరే తెగుతుంది. ముడి బిగించేటప్పుడు రాపిడికి వేడి పుట్టి నైలాను అక్కడ బలహీనపడుతుంది. కాబట్టి ముడిని ఉమ్మితో తడిపి, మెల్లిగా బిగించాలి. గాలం కన్నంలోంచి తంగూసు దూర్చి, దాని చుట్టూ అది ఐదారు మెలికలు తిప్పి, కన్నం పక్కనే ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి కొసని దూర్చి, తడిపి లాగండి. ఇంట్లో కూర్చుని కళ్ళు మూసుకుని వేయగలిగేదాకా వెయ్యండి.

సీసం గుళ్ళ మాట గట్టిగా చెప్పాలి. చీలిక ఉన్న చిన్న గుండుని తంగూసు మీద పెట్టి పళ్ళతో కొరికి నొక్కడం మన గట్ల మీద అలవాటు. అది వద్దే వద్దు. సీసం విషం, పిల్లల మెదడుకి మరీ ముప్పు. ఇంగ్లండులో గట్టున రాలిన సీసం గుళ్ళు మింగి హంసలు చచ్చిపోతున్నాయని 1987లో చిన్న సీసం గుళ్ళని గాలాలకి వాడకుండా నిషేధించారు. పటకారుతో నొక్కండి, ఆ తరవాత చేతులు కడుక్కోకుండా పులిహోర పొట్లం విప్పకండి. సీసం బదులు చిన్న ఇనప నట్టు కట్టుకున్నా పని జరుగుతుంది.

ఇక బెండు. జీలుగు బెండు ముక్క ఎంత తేలికో మీకు తెలుసు. దానికి తగినంత బరువు కట్టకపోతే నీళ్ళ మీద నిక్కి తేలుతుంది. చేప ఎర ముట్టుకుని దాన్ని ముంచాలంటే అంత బెండునీ పైకి తోసే నీటి బలంతో పోరాడాలి. ఆర్కిమిడీసు చెప్పిన బలం అదే. చేపకి ఆ బరువు తెలియగానే ఎర వదిలేస్తుంది. అందుకని బెండు కొస గోరంత మాత్రమే పైకి కనపడేలా గుళ్ళు కట్టాలి. అప్పుడు బెండూ గుండూ కలిసి దాదాపు నీటి బరువుతో సరిసమానంగా ఉంటాయి, చిన్న పరిగె పెదవి తగిలినా కొస వణుకుతుంది. ఇంటి దగ్గర బకెట్టు నీళ్ళలో దీన్ని సరిచూసుకుని వెళ్ళండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. చేపకి మనం కనపడతామా? గాలిలోంచి నీళ్ళలోకి వచ్చే వెలుగు వంగుతుంది కదా. దానివల్ల నీళ్ళలోంచి పైకి చూసే చేపకి బయటి ప్రపంచమంతా తలమీద ఒక గుండ్రటి కిటికీలోంచి కనపడుతుంది. ఆకాశం, చెట్లు, గట్టు, గట్టు మీది మనుషులు, అన్నీ ఆ గుండ్రంలోనే. ఆ కిటికీ కోణం ఎంత లోతులోనైనా మారదు, సుమారు 97 డిగ్రీలు. మీటరు లోతున ఉన్న చేపకి ఆ గుండ్రం రెండుంపావు మీటర్ల వెడల్పు. దాని అవతల నీటి పైపొర అద్దమైపోయి అడుగు నేలనే తలకిందులుగా చూపిస్తుంది. బాగా కింద, నీటి మట్టానికి దగ్గరగా ఉన్నవన్నీ కిటికీ అంచున నలిగి సన్నటి పట్టీగా మిగులుతాయి. గట్టు అంచున నిటారుగా నిలబడితే మీరు పూర్తిగా కనపడతారు, పైగా మీ వెనక తెల్లటి ఆకాశం. రెండడుగులు వెనక్కి జరిగి కూర్చుంటే ఆ సన్నటి పట్టీలోకి దిగిపోతారు. ముసలివాళ్ళు గట్టున గొంతుక్కూర్చుని గాలం వేసేది మోకాళ్ళ నొప్పులవల్ల కాదర్రా, ఆ కిటికీలో పడకుండా ఉండడానికి.

ఆ వంపు మననీ మోసం చేస్తుంది. మీటరున్నర లోతున్న నీళ్ళు మన కంటికి మీటరు పైచిల్లరలోనే ఉన్నట్టు అనిపిస్తాయి, ఉన్న లోతులో ముప్పావు వంతే కనపడుతుంది. చేప కనపడిన చోటు కన్నా లోతుగా ఉందని లెక్కేసుకుని బెండు జరపాలి. కాలవలో కాలు పెట్టేముందూ ఈ లెక్కే గుర్తుండాలి.

"మాట్లాడకండిరా, చేపలు బెదురుతాయి" అని ఎవరైనా కసిరితే, సగమే నిజమని చెప్పండి. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, నీళ్ళలో 1,500 మీటర్ల దాకా పోతుంది. కానీ గాలిలో పుట్టిన శబ్దం నీటి పైపొర దగ్గర దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. దాని శక్తిలో వెయ్యో వంతు మాత్రమే లోపలికి దిగుతుంది. కాబట్టి మెల్లిగా కబుర్లు చెప్పుకోండి, పర్వాలేదు. అదే గట్టు మీద ధనధన అడుగులేస్తే, పడవలో డబ్బా జారవిడిస్తే, ఆ అదురు నేలలోంచో కర్రలోంచో నేరుగా నీళ్ళలోకి పోతుంది. చేప ఒంటికి రెండు పక్కలా మొప్పల నుంచి తోకదాకా ఒక గీత కనపడుతుంది చూశారా? శీలావతి మీద పొలుసుల మధ్య చుక్కలు చుక్కలుగా ఉంటుంది. నీటి కదలికని పసిగట్టే నరాల కొసలు ఆ గీత కింద వరసగా ఉంటాయి. ఇది కాక పరిగె, బొచ్చె, జెల్ల జాతుల్లో పొట్టలోని గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల వరస ఉంటుంది. వెబర్ అనే జర్మను శాస్త్రవేత్త 1820లో దాన్ని వర్ణించాడు, ఆయన పేరే పెట్టారు. గాలితిత్తి అదిరితే ఆ ఎముకలు కదిలి చెవికి చేరవేస్తాయి. అందుకే ఈ చేపలకి వినికిడి ఎక్కువ. గట్టెక్కేటప్పుడు చెప్పులు విప్పి నడవడం మంచి అలవాటు.

ఎర సంగతి వంటింట్లో మొదలుపెడదాం. గోధుమపిండిలో కాసిని నీళ్ళు పోసి గట్టిగా కలిపి, పావుగంట నానబెట్టి, కుళాయి కింద పిసుకుతూ కడగండి. తెల్లటి గంజి పోయి చేతిలో సాగే జిగురు ముద్ద మిగులుతుంది. గోధుమలోని ప్రోటీను అది, గ్లూటెన్ అంటారు. గోధుమపిండి ఉండ నీళ్ళలో విడిపోకుండా గాలాన్ని అంటిపెట్టుకుని ఉండేది ఆ జిగురువల్లే. రాగిపిండిలో, వరిపిండిలో ఆ జిగురు లేదు, ఉండ చేసి వేస్తే నీళ్ళలో విచ్చిపోతుంది. అలా విచ్చిపోవడమూ మనకి పనికొస్తుంది. తవుడు, వేరుశనగ చెక్క పొడి కలిపి ముద్దలు చేసి గాలం వేయబోయే చోట కొంచెం చల్లితే, అవి విచ్చి వాసన పాకి చేపలు చేరతాయి. కొంచెమే సుమండీ. ఎక్కువ వేస్తే చేపల కడుపు నిండుతుంది, మిగిలింది కుళ్ళి నీటిలో ఆక్సిజన్ తినేస్తుంది. వేరుశనగ చెక్క పొడి చిటికెడు గోధుమ ముద్దలోనూ కలపండి.

జెల్లలకి మాత్రం వానపామే. జెల్ల మీసాలు ఉత్త అలంకారం కాదు, వాటి నిండా రుచి మొగ్గలుంటాయి. మీసాల మీదే కాదు, ఒంటి చర్మమంతా ఉంటాయి. బురదనీళ్ళలో, కటిక చీకట్లో, చూపుతో పని లేకుండా అది ఎర దగ్గరికి రుచి పట్టుకుని వచ్చేస్తుంది. చేప ముక్కు రంధ్రాలు ఊపిరికి కాదు, ఒక కన్నంలోంచి నీరు వెళ్ళి ఇంకో కన్నంలోంచి బయటికొస్తుంది, మధ్యలో వాసన తెలుస్తుంది, అంతే. కాబట్టి దోమల క్రీము రాసుకున్న చేత్తో, నొప్పి బామ్ పూసుకున్న చేత్తో, బండిలో పెట్రోలు పోసిన చేత్తో ఎర గుచ్చకండి. కాలవ నీళ్ళలో ఆ ఒడ్డు మట్టితోనే చేతులు రుద్ది కడుక్కోండి.

ఏ పూట వెళ్ళాలి? తెల్లారుజామునే అని ఎవరైనా చెబుతారు. పారే కాలవకి అది నిజం. నీళ్ళు చల్లగా ఉంటాయి, వెలుగు తక్కువ, చేపలు భయం లేకుండా గట్టు వారకి వస్తాయి. కానీ పచ్చగా పాచి రంగు తిరిగిన నిలవ చెరువులో తెల్లారుజాము మంచిది కాదు. పాచి పగలు ఎండలో ఆక్సిజన్ విడుస్తుంది, రాత్రి అదీ పీల్చుకుంటుంది. పొద్దు పొడిచే ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. రొయ్యల రైతులు రాత్రంతా ఏరేటర్లు తిప్పేది, చేపల రైతులు వేకువనే గట్టు చుట్టూ తిరిగేది ఆ భయంతోనే. అప్పుడు చేపలు పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. కొత్తవాడు చూసి, అబ్బ ఎన్ని చేపలో అని సంబరపడతాడు. అవి ఊపిరాడక తేలినవి, తిండి జోలికి రావు. ఎండ ఎక్కి రెండు గంటలు అయ్యాక వెళ్ళండి. నడిమధ్యాహ్నం మళ్ళీ కష్టం: 20 డిగ్రీల నీళ్ళు లీటరుకి తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల నీళ్ళు ఏడున్నర దగ్గర ఆగిపోతాయి. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది గనక, ఎండలో దానికి కావలసిన ఆక్సిజన్ పెరిగి, నీళ్ళు పట్టి ఉంచగలిగేది తగ్గుతుంది. అప్పుడు చెట్టు నీడలోనూ, తూము దగ్గర నీళ్ళు సుడి తిరిగే చోటనూ చూడండి.

బెండు చదవడం ఇక మీ చేతిలో పని. బొచ్చె, పరిగె జాతులకి దవడల్లో పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. అవి కొరకవు, నీళ్ళతో సహా లోపలికి పీల్చుకుని నచ్చకపోతే ఉమ్మేస్తాయి. అందుకే బెండు వణికి ఆగుతుంది, వణికి ఆగుతుంది. తొందరపడకండి. జెల్ల ఎర నోట కరుచుకుని పోతుంది, బెండు పక్కకి జారుతూ మునుగుతుంది. ఒక్కోసారి బెండు మునగడం మాని పైకి లేచి పడుకుంటుంది. మొన్న మా మనవరాలు, "తాతయ్యా, తంగూసు తెగిపోయిందేమో" అంది. తెగలేదమ్మా, అడుగున చేప ఎరతోపాటు గుండునీ పైకెత్తింది, బెండు మీద బరువు పోయింది, అందుకని లేచింది. అదే లాగాల్సిన క్షణం. లాగడమంటే చెట్టు కొమ్మ విరిచినట్టు కాదు, మణికట్టు చిన్నగా పైకి తిప్పితే చాలు.

చేప పడ్డాక కర్ర కొస పైకే ఉంచండి. కర్ర వంగుతున్నంత సేపూ చేప విదిలింపు కర్ర అంతటా పంచుకుపోయి, ఒక్కసారిగా తంగూసు మీద పడదు. నీళ్ళలో ఉన్నంతసేపు చేపకి బరువు దాదాపు లేదు, గాలితిత్తి దాన్ని నీటితో సరితూచి ఉంచుతుంది. నీటి మట్టం దాటి లేపిన క్షణం మొత్తం బరువు తంగూసు మీద పడుతుంది. గట్టు దాకా వచ్చిన చేప తంగూసు తెంచుకుపోయేది అక్కడే. కాబట్టి చేతివల కింద పెట్టి ఎత్తుకోండి.

ఇప్పుడు కాస్త బరువైన మాట. చేపకి నొప్పి ఉంటుందా? స్కాట్లండులో లిన్ స్నెడన్, ఆమె తోటివాళ్ళు 2003లో ట్రౌటు చేపల తలలో, పెదవుల దగ్గర, గాయాన్నీ వేడినీ పసిగట్టే నరాలున్నాయని చూపించారు. ఆ చేప అనుభవించేది మనం పడే నొప్పి వంటిదేనా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. వాదన తేలేదాకా మనం ఆగక్కర్లేదు, నొప్పి ఉందనే అనుకుని నడుచుకుందాం. తినదలుచుకున్న చేపని గట్టున ఎగిరెగిరి చావనివ్వకుండా తల మీద కర్రతో గట్టిగా ఒక్క దెబ్బ వేసి చంపండి. వదలదలుచుకున్నదాన్ని నీళ్ళలోనే ఉంచి వదలండి. గాలం మీద వెనక్కి తిరిగిన చిన్న ముల్లుని ముందే పటకారుతో నొక్కేస్తే, గాలం తీయడం సులువు, చేపకి గాయం తక్కువ. తడి చేత్తోనే పట్టుకోండి. చేప ఒంటి జిగురు క్రిముల్ని అడ్డుకునే కవచం, పొడి చెయ్యి ఆ జిగురుని తుడిచేస్తుంది. బయట ఎక్కువసేపు ఉంచకండి, గాలిలో మొప్పల పొరలు ఒకదానికొకటి అంటుకుని ఊపిరి ఆగిపోతుంది.

వదలాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎర్రటి నారింజ రంగు పిల్లల గుంపు నీటి మీద ముద్దగా కదులుతూ కనపడితే, కింద కొర్రమీను తల్లీ తండ్రీ కాపలా ఉన్నాయని అర్థం. దగ్గరికి వచ్చిన దేన్నైనా అవి తరుముతాయి, అందుకే అప్పుడు సులువుగా పడతాయి. ఆ జంటని పడితే ఆ పిల్లలన్నీ కప్పల పాలూ, పెద్ద చేపల పాలూ. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నది ఈ కొర్రమీనునే, అది ఇలా తల్లిగా దొరికితే వేటాడడం నాకు ఒప్పుకోలేని పని. అలాగే తొలకరి వరదకి ఎదురెక్కే చేపలు గుడ్లతో ఉంటాయి, ఆ నాలుగు రోజులూ గాలం ఇంట్లో ఉంచండి.

జెల్లని పట్టుకునేటప్పుడు జాగ్రత్త. వీపున ఒక ముల్లు, రెండు పక్కలా చెరొకటి. గుచ్చుకుంటే సలుపు గంటలకొద్దీ ఉంటుంది, ఆ ముల్లులో విషం ఉంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి పెట్టి ఉంచితే సలుపు తగ్గుతుంది, ఆనక డాక్టరుకి చూపించండి. కరెంటు తీగల కింద గాలం కర్ర ఎత్తకండి, కార్బను కర్రలోంచి కరెంటు బాగా ప్రవహిస్తుంది. ఉరుము వినపడితే లేచి వచ్చేయండి. పిల్లలు ఈత వచ్చిన పెద్దవాళ్ళు లేకుండా గట్టుకి వెళ్ళకూడదు, చేప ఎంత పెద్దదైనా దాని వెనక నీళ్ళలో దిగకూడదు.

అన్నిటికంటే ముందు ఒక పని మరవకండి. మన చెరువుల్లో చాలా వాటిలో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలదో, పాటకి తీసుకున్నవాళ్ళదో. చేపపిల్లల్ని వేసి, కాపలా కాసి, వలలు కొనుక్కుని బతికేవాళ్ళు వాళ్ళు. మనకి సరదా, వాళ్ళకి కూడు. వెళ్ళి సంఘం పెద్దని అడగండి, రుసుము ఉంటే కట్టండి, ఎక్కడ వేయవచ్చో వాళ్ళు చెబుతారు, ఏ మూల ఏ చేప ఉంటుందో కూడా చెబుతారు. వాళ్ళ దగ్గర కూర్చుని వినే గంట ఏ పుస్తకంలోనూ దొరకదు. అభయారణ్యాల నీళ్ళలో మాత్రం అనుమతి లేకుండా గాలం వేయడం నేరం.

వచ్చేటప్పుడు తెగిన తంగూసు ముక్క ఒక్కటి కూడా గట్టున వదలకండి. నైలాను మట్టిలో కుళ్ళదు. కొంగల కాళ్ళకి, నీటికాకుల రెక్కలకి చుట్టుకుని కోసుకుపోతుంది, గేదెలు గడ్డితోపాటు మింగుతాయి. చుట్టి జేబులో వేసుకుని, ఇంటికొచ్చాక బెత్తెడు బెత్తెడు ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి.